కళ్ళజోడు నంబరు వేరు, కంటిచూపు వేరు

ఒకరికి రెండు కళ్ళకూ మైనస్ తొమ్మిది. కళ్ళజోడు తీస్తే ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో కూడా ఆనవాలు పట్టలేరు. పెట్టుకుంటే మాత్రం చార్టులో చివరి వరుసదాకా గడగడా చదివేస్తారు. ఇంకొకరికి కళ్ళజోడే అక్కర్లేదు. పగటిపూట చార్టు ముందు కూర్చోబెడితే 6/9 వరుస చదువుతారు. కానీ పొద్దుగూకితే గడప తట్టుకుని పడతారు, దారిలో పెట్టిన బిందెను తన్నేస్తారు, పక్కసందులోంచి వచ్చే బండి మీద పడేదాకా చూసుకోరు. చుట్టాలు జాలిపడేది మొదటి మనిషి మీద, అంత లావు అద్దాలు చూసి. చూపు పోగొట్టుకుంటున్నది రెండో మనిషి.

కంటి పరీక్ష చేయించుకుని బయటికి రాగానే ఇంట్లోవాళ్ళు అడిగేది ఒక్కటే: నంబరెంత? ఆ సంగతి నిజానికి కళ్ళజోడు చేసేవాడికి కావాలి. మీరు తెలుసుకోవాల్సినవి వేరే రెండున్నాయి. ఆ అద్దాలు పెట్టుకున్నాక ఎంతవరకు కనిపిస్తోంది? ఆ కనిపించడం మీ రోజువారీ పనులకు సరిపోతోందా? ఈ మూడూ మూడు వేర్వేరు పరీక్షలతో తేలే విషయాలు. మామూలు కంటి పరీక్షలో మొదటి రెండే తేలతాయి. మూడోది మనం అడిగితే తప్ప ఎవరూ కొలవరు.

6/60 అంటే ఏమిటి

గోడమీది చార్టును నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌కు చెందిన కంటి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో తయారుచేశాడు. పైనున్న అంకె మీరు నిలబడిన దూరం, మీటర్లలో. కింది అంకె, మామూలు చూపున్న మనిషి అదే అక్షరాన్ని ఎంత దూరం నుంచి గుర్తుపట్టగలడో ఆ దూరం. 6/60 అంటే అందరూ 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికొస్తేగాని చదవలేరని. చార్టులో ఆ పెద్ద అక్షరం ఎత్తు 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 6/6 వరుసలో అక్షరం 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అమెరికాలో ఇదే లెక్క అడుగుల్లో ఉంటుంది కాబట్టి అక్కడి 20/20 మన 6/6, అక్కడి 20/40 మన 6/12. అక్కడ చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుకు అడిగేది ఈ 20/40నే.

దీన్ని భిన్నంలా చదివి, 6/12 అంటే సగం చూపు పోయిందని బెంబేలెత్తేవాళ్ళున్నారు. అలా కాదు. 6/12 ఉన్న మనిషి ఇంటిపని, వంటపని, మార్కెట్టు పని అన్నీ చక్కబెట్టుకుంటాడు. అలాగే 6/6 అన్నది ఆఖరు మెట్టూ కాదు, కుర్రవాళ్ళు చాలామంది 6/5 కూడా చదువుతారు.

పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో కనిపెట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. ఒక్కో కన్నూ విడివిడిగా చూడాలి. మూసే కంటిని వేళ్ళతో కాకుండా దొప్పలా వంచిన అరచేత్తో మూయాలి. వేళ్ళయితే సందులోంచి చూసేస్తారు, పిల్లలైతే తప్పకుండా చూస్తారు. కంటిని నొక్కి మూస్తే, తీసిన తర్వాత కాసేపు మసకగా ఉండి ఆ కంటి లెక్క తప్పుతుంది. గది చిన్నదైతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి అందులో చార్టు చూపిస్తారు, అది సరైన పద్ధతే. చదువు రానివాళ్ళకు, చిన్నపిల్లలకు నాలుగు దిక్కులకూ తిప్పిన ‘ఈ’ గుర్తుల చార్టు వాడతారు, గుర్తు కాళ్ళు ఏ వైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు. తెలుగు అక్షరాల చార్టులూ ఉన్నాయి, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మంచి కంటితో చదివిన వరుసను పిల్లలు కంఠతా పట్టేస్తారు కాబట్టి అనుమానమున్న కంటిని ముందు చూడాలి.

కళ్ళు చికిలించకూడదు. చికిలిస్తే రెప్పల మధ్య సన్నటి సందు ఏర్పడి రెండు మూడు వరుసలు అదనంగా కనిపిస్తాయి. నంబరు తేలడానికి అది అడ్డం. దాంతోపాటు, సరిగ్గా తెలియకపోతే నోరు మూసుకుని కూర్చోవడం కూడా తప్పే. ఊహించి చెప్పాలి. వరుసలో సగం చెప్పినా ఆ వరుస పక్కన ‘పార్షియల్’ అని రాసుకుంటారు, ఆరు నెలల తర్వాత పోల్చి చూడటానికి అదే ఆధారం.

పై అక్షరం కూడా కనిపించకపోతే ‘ఏమీ కనిపించడం లేదు’ అని రాసి ఊరుకోకూడదు. మనిషిని ముందుకు నడిపించాలి. 3 మీటర్ల దగ్గర కనిపిస్తే 3/60, 1 మీటరు దగ్గర అయితే 1/60. అదీ లేకపోతే వేళ్ళు లెక్కపెట్టమంటారు, ఎంత దూరంలో లెక్కపెట్టారో రాస్తారు. ఆ తర్వాత చెయ్యి ఊపితే తెలుస్తోందా, ఆ తర్వాత టార్చి వెలుగు తెలుస్తోందా, తెలిస్తే ఏ వైపు నుంచి వస్తోందో చెప్పగలరా. పండిపోయిన శుక్లం ఉన్న కంటిలో నాలుగు వైపుల వెలుగునూ సరిగ్గా చెప్పగలిగితే వెనకున్న తెర (రెటీనా), కంటినరం బాగానే ఉండొచ్చని, ఆపరేషను చేస్తే ఫలితం ఉంటుందని ఆశ. చెప్పలేకపోతే డాక్టరు ముందే హెచ్చరిస్తారు.

చిన్న రంధ్రం చెప్పే పెద్ద సంగతి

కంటి పరీక్షలో అన్నిటికంటే చవకైన పరికరం మధ్యలో సుమారు 1.2 మిల్లీమీటర్ల రంధ్రమున్న నల్లటి బిళ్ళ, పిన్‌హోల్. మసకగా చూసే కంటి ముందు దాన్ని పెడితే అక్షరాలు తేటపడ్డాయనుకోండి, లోపం కళ్ళజోడుతో సరిపోయేదన్నమాట. సన్నటి రంధ్రం గుండా వచ్చే వెలుగు కిరణాలు అటూఇటూ చెదరవు, అందుకే లెన్సు అవసరం అప్పటికి తగ్గుతుంది. తేటపడకపోతే శుక్లమో, రెటీనా జబ్బో, నరం జబ్బో, చిన్నప్పుడు వాడక మొద్దుబారిన కన్నో అని వెతకాలి. రంధ్రంలోంచి చూస్తే మరింత మసకైతే చూపు నడిమధ్య భాగానికి, అంటే మాక్యులాకు, దెబ్బ తగిలిందనో, శుక్లం సరిగ్గా నడిమధ్యన ఉందనో అనుమానం.

పిన్‌హోల్‌తో 6/9 చదివిన మనిషి కొత్త కళ్ళజోడుతో 6/24 దగ్గరే ఆగిపోతే చాలావరకు తప్పు అద్దాల్లోనే ఉంటుంది. నంబరు మళ్ళీ చూడమని అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

నంబరు ఎలా పుడుతుంది

మైనస్ నంబరును దూరంగా మార్చి చూస్తే దాని అసలు అర్థం తెలుస్తుంది. 100ను నంబరుతో భాగిస్తే, కళ్ళజోడు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుందో వస్తుంది. మైనస్ 2 అయితే 50 సెంటీమీటర్లు. మైనస్ 4 అయితే 25. మైనస్ 10 అయితే 10 సెంటీమీటర్లు, ముక్కుకు పుస్తకం ఆనించినంత. అంతకు అవతల అంతా మసక. ఇది ఎంత పెద్దదైనా, అద్దంతో 6/6 వస్తోందంటే చూపు ఉన్నట్టే. కాకపోతే మైనస్ 6 దాటిన కళ్ళు లోపల సాగి ఉంటాయి, రెటీనా పలచబడి చిరిగే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఉన్నట్టుండి మెరుపులు, కొత్తగా నల్లచుక్కల వాన, ఒక పక్క నుంచి తెర జారినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కళ్ళజోడు దుకాణానికి కాదు.

ప్లస్ నంబరు మోసకారి. చిన్నవయసులో కంటిలోని లెన్సు తనే బిగుసుకుని లోటు పూడుస్తుంది, కాబట్టి ప్లస్ 3 ఉన్న పిల్లవాడు చార్టు మొత్తం చదివేయొచ్చు. సాయంత్రానికి తలనొప్పి, పుస్తకం మీద విసుగు, కొందరిలో మెల్లకన్ను. ఇంట్లో ‘చదువంటే బద్ధకం’ అని తిట్టిపోస్తారు.

ఆసుపత్రిలో ముందు కంప్యూటర్ పరీక్ష చేస్తారు. గడ్డం ఆనించి, దూరాన రోడ్డు చివర రంగుల బెలూను చూడమనే యంత్రం. బెలూను ఒకసారి మసకై మళ్ళీ తేటపడటం కంటిని సడలించడానికే. అయినా పిల్లల కన్ను యంత్రం దగ్గర బిగుసుకుంటుంది, లేని మైనస్ చూపిస్తుంది. యంత్రం ఇచ్చే చీటీ పరీక్షకు మొదటి మెట్టు, దాన్నే ఫైనల్ నంబరుగా రాసిచ్చే చోట పిల్లల కళ్ళు చూపించకండి. పిల్లలకు చుక్కల మందు వేసి, కంటిని పూర్తిగా సడలించి, రెటినోస్కోప్ వెలుగుతో చూడాలి. ఆ వెలుగును కంటిలోకి పంపి, అటూఇటూ కదిపి, పాపలో నీడ ఎటు కదులుతోందో చూస్తూ, నీడ ఆగేదాకా లెన్సులు మారుస్తారు. మాట రాని పసిబిడ్డ నంబరు తేల్చేదీ, పడుకోబెట్టిన వృద్ధుడి నంబరు తేల్చేదీ ఇదే.

చుక్కల మందుల్లో తేడా తెలుసుకుని వెళితే మంచిది. చాలా చిన్నపిల్లలకు అట్రోపిన్ లేపనం ఇచ్చి కొన్ని రోజులు ఇంట్లోనే పెట్టమంటారు, దాని ప్రభావం 10 నుంచి 14 రోజులు ఉంటుంది. సైక్లోపెంటోలేట్ అయితే సుమారు ఒక రోజు. పెద్దవాళ్ళకు రెటీనా చూడటానికి వేసే ట్రోపికమైడ్ నాలుగు నుంచి ఆరు గంటలు. ఆ పూట బండి నడపకూడదు, తోడు ఉండాలి, ఎండకు నల్లద్దాలు కావాలి. పిల్లల పరీక్షల ముందు వారం ఈ పని పెట్టుకోవద్దు.

ఆ తర్వాత ట్రయల్ ఫ్రేములో లెన్సులు మారుస్తూ ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడిగే భాగం. ఇక్కడ కంగారుపడి ఏదో ఒకటి చెప్పేస్తుంటారు. ‘రెండూ ఒకేలా ఉన్నాయి’ అన్నది కూడా జవాబే, నిజానికి పరీక్ష చేసేవాళ్ళు ఎదురుచూసే జవాబు అదే. ఇంకో జాగ్రత్త. మైనస్ కాస్త ఎక్కువ పెట్టినప్పుడు అక్షరాలు చిన్నవై, నల్లగా నిగనిగలాడతాయి. ‘ఇది బాగుంది’ అనాలనిపిస్తుంది. కొత్తగా ఒక్క అక్షరం కూడా చదవలేకపోతుంటే, నల్లగా కనిపించినంత మాత్రాన ఆ లెన్సు మంచిది కాదు. ‘నల్లగా ఉంది, కానీ ఎక్కువ కనిపించడం లేదు’ అని చెప్పండి. ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల మీద అక్షరాలు చూపించడం కూడా ఇందుకే. ఆకుపచ్చ మీదివి తేటగా ఉంటే మైనస్ ఎక్కువైందని గుర్తు.

చీటీ చదవడం, దుకాణంలో జరిగే పొరపాట్లు

చీటీలో కుడికన్ను, ఎడమకన్ను అని రెండు వరుసలు. ఒక్కోదానిలో స్పియర్, సిలిండర్, యాక్సిస్. స్పియర్ అంటే అన్ని వైపులా సమానంగా ఉన్న నంబరు. నల్లగుడ్డు గుండ్రంగా కాక ఒకవైపు కోలగా ఉంటే ఆ తేడా సిలిండర్, ఆ కోల ఏ కోణంలో ఉందో చెప్పేది యాక్సిస్, 1 నుంచి 180 వరకు. కింద ‘యాడ్’ అని ఉంటే అది దగ్గరి చూపుకు కలపాల్సిన ప్లస్.

ఒకచోట -2.00, సిలిండర్ -1.00, యాక్సిస్ 90 అని రాసి, ఇంకోచోట -3.00, సిలిండర్ +1.00, యాక్సిస్ 180 అని రాస్తే నంబరు పెరిగిందని గాభరాపడతారు. రెండూ ఒకే అద్దం. స్పియర్‌కు సిలిండర్ కలిపి, సిలిండర్ గుర్తు మార్చి, యాక్సిస్‌ను 90 డిగ్రీలు తిప్పితే ఒకటి రెండోదవుతుంది. రెండు చీటీలు పోల్చేముందు ఈ లెక్క వేసుకోండి.

యాక్సిస్ తప్పితే వచ్చే బాధ అంతా ఇంతా కాదు. నేల వాలుగా కనిపిస్తుంది, తల తిరుగుతుంది. అద్దం బిగించేటప్పుడు 30 డిగ్రీలు పక్కకు జరిగితే ఆ సిలిండర్ ఉన్నా లేనట్టే, కొలిచి చూస్తే మొదట ఎంత లోపం ఉందో అంతే మిగిలి ఉంటుంది. గుండ్రటి ఫ్రేముల్లో అద్దం దానంతటదే తిరిగిపోతుంది కాబట్టి సిలిండర్ 2 దాటినవాళ్ళు గుండ్రటివి మానుకోవడమే మేలు.

రెండో పెద్ద పొరపాటు కంటిపాపల మధ్య దూరం, పీడీ. లెన్సు నడిమధ్య భాగం మీ పాపకు ఎదురుగా ఉండాలి. మైనస్ 8 అద్దం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 4 ప్రిజం డయాప్టర్ల (చూపును పక్కకు లాగే బలానికి కొలత) లాగుడు పుడుతుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేయడానికి అది పెద్ద భారం. పెద్ద ఫ్రేము ఇష్టపడి ఎంచుకుంటే ఈ జరుగుడు ఎక్కువ, అంచులు కూడా లావు. నంబరు ఎక్కువున్నవాళ్ళకు కళ్ళు ఫ్రేము నడిమధ్యకు వచ్చేంత చిన్న ఫ్రేము సరైనది. కళ్ళజోడు చేతికిచ్చేముందు అద్దం నంబరు కొలిచే లెన్సోమీటరులో పెట్టి చీటీతో సరిచూసి చూపించమనండి. రెండు నిమిషాల పని. ఒంటి కన్నుతో నెట్టుకొచ్చేవాళ్ళకు, పిల్లలకు గాజు వద్దు, సులువుగా పగలని ప్లాస్టిక్, పాలికార్బనేట్, అడగండి. ఉన్న ఒక్క మంచి కంటికి దెబ్బ తగలకుండా చూసుకోవడం ఏ నంబరుకంటే ముఖ్యం.

కాంటాక్ట్ లెన్సుకు కళ్ళజోడు నంబరే రాసేస్తే కుదరదు. కళ్ళజోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, కాంటాక్ట్ లెన్సు కంటిమీదే కూర్చుంటుంది. నంబరు 4 దాటితే ఈ తేడా లెక్కకొస్తుంది. కళ్ళజోడులో మైనస్ 8 కాంటాక్ట్ లెన్సులో మైనస్ 7.25 అవుతుంది.

నలభై దాటాక వచ్చే చత్వారం అందరికీ తప్పదు. నలభై ఒకటో రెండో ఏట ప్లస్ 1తో మొదలై అరవైకి ప్లస్ 2.50 దగ్గర నిలుస్తుంది. దీన్ని రాసేది 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పట్టుకుంటారన్న లెక్కతో. కంప్యూటరు 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, నగల పని చేసేవాళ్ళకు పాతికే. మీ పని ఎంత దూరంలో ఉంటుందో ఇంట్లో టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళి చెప్పండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. బైఫోకల్ వేసుకున్న పెద్దవాళ్ళు మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తే మెట్టు మసకగా, దగ్గరగా కనిపిస్తుంది. గడ్డం వంచి పై భాగంలోంచి చూడటం అలవాటు చేయాలి. ఇంతకుముందే జారిపడ్డ మనిషికైతే నడకకు దూరం అద్దాలు, చదవడానికి వేరే జత, ఇలా రెండు ఇప్పించడం మంచిది.

రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు చెడ్డవేమీ కావు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు, దూరం చూపువి తర్వాత చేయించి పంపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఇలాంటిదే మొదలైంది. రెండు కళ్ళకూ ఒకే నంబరు, సిలిండర్ లేదు అంటే రెడీమేడ్ సరిపోతుంది. తేడా ఉంటే సరిపోదు. అయితే శిబిరంలో అద్దాలు వచ్చాయి కాబట్టి కళ్ళ పరీక్ష అయిపోయిందనుకోవడం ప్రమాదం. ఎందుకో ముందు ముందు చెబుతాం.

నంబరు ఊరికే మారుతోందంటే

అరవై ఐదేళ్ళ పెద్దావిడ ఉన్నట్టుండి కళ్ళజోడు లేకుండా పేపరు చదివేస్తోంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చాలాసార్లు అది శుక్లం మొదలైన గుర్తు. లెన్సు నడిమధ్య భాగం గట్టిపడి కంటిని మైనస్ వైపు నెడుతుంది, దగ్గరి చూపు తాత్కాలికంగా బాగుపడి దూరం చూపు తగ్గుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళలో షుగరు ఎగుడుదిగుడైనప్పుడు లెన్సులోకి నీరు చేరడం, పోవడంతో నంబరు వారంలోనే మారొచ్చు. షుగరు అదుపులోకి వచ్చి నాలుగు నుంచి ఆరు వారాలు నిలకడగా ఉన్నాక కళ్ళజోడు చేయించుకుంటే డబ్బు దండగ కాదు. పదిహేను ఇరవై ఏళ్ళ వయసులో సిలిండర్ ఆరు నెలలకోసారి పెరుగుతూ, కళ్ళు తెగ నలుపుకునే అలవాటుంటే నల్లగుడ్డు శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ కావచ్చు. టోపోగ్రఫీ అనే స్కాన్ చేయించాలి. త్వరగా పట్టుకుంటే ఆపే చికిత్స ఉంది. కళ్ళు నలపడం మాత్రం ఆ రోజే మానాలి.

పిల్లల మైనస్ ఏటా పెరగడం వేరే సంగతి. అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది అపోహ. తక్కువ నంబరు రాయించుకుంటే పెరుగుదల ఆగుతుందన్నదీ అంతే. రోజుకు రెండు గంటలు ఆరుబయట గడపడం, డాక్టరు అవసరమనుకుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ఇవి కాస్త పనిచేస్తాయి. ఒక కన్ను బాగుండి రెండోది మొద్దుబారిందంటే ఏడెనిమిదేళ్ళలోపే మంచి కంటికి పట్టీ కట్టి రెండోదానితో పనిచేయించాలి. ఆ తర్వాత ఫలితం తగ్గిపోతుంది.

చార్టుకు దొరకని జబ్బులు

చార్టు కొలిచేది చూపు నడిమధ్యన ఉన్న కొద్దిపాటి జాగానే. అంచులు ఎంత పోయినా చార్టుకు తెలియదు. నీటికాసుల జబ్బు, గ్లకోమా, అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చివరిదాకా 6/6 ఉండొచ్చు. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) మధ్య ఉంటుంది, కానీ అంతలోపే ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళున్నారు. అందుకే ఒత్తిడితో పాటు నరం చూడాలి, అనుమానముంటే చూపు చుట్టూ ఎంతవరకు ఉందో కొలిచే ఫీల్డ్ పరీక్ష చేయాలి. ఇంట్లో తల్లికో తండ్రికో నీటికాసులుంటే నలభై నుంచే ఏటా చూపించుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు చూపు ఎంత బాగున్నా ఏడాదికోసారి చుక్కలు వేసి రెటీనా చూడాలి. రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు మనిషికి ఏమీ తెలియదు.

ఫీల్డ్ పరీక్షంటే జనానికి హడలు. గిన్నెలాంటి యంత్రంలోకి చూస్తూ, మినుకుమన్న ప్రతి వెలుగుకూ బటన్ నొక్కాలి. కావాలనే కనిపించనంత మసక వెలుగులు కూడా చూపిస్తుంది యంత్రం, ఎక్కడ కనిపించడం ఆగుతుందో తేల్చేందుకు. ఎవరికైనా సుమారు సగం కనిపించవు. అది తెలియక భయపడి, చప్పుడు విని, అంచనా వేసి నొక్కేస్తుంటారు, అప్పుడు రిపోర్టు పనికిరాదు. కన్ను నడిమధ్య చుక్క మీదే ఉంచండి, రెప్ప వేయండి, అలసిపోతే బటన్ అలాగే నొక్కిపెట్టి ఉంచితే యంత్రం ఆగుతుంది.

మొదట్లో చెప్పిన రెండో మనిషిది రెటినైటిస్ పిగ్మెంటోజా అయ్యుండొచ్చు. రేచీకటితో మొదలై చూపు చుట్టూ నుంచి ముడుచుకుపోయి గొట్టంలోంచి చూసినట్టవుతుంది. వంశపారంపర్యంగా వస్తుంది, మేనరికాలున్న కుటుంబాల్లో దీని అవకాశం ఎక్కువ. పిల్లవాడు చీకట్లో తడుముకుంటుంటే విటమిన్ ఏ లోపమని మందులు వాడి ఊరుకోకుండా రెటీనా చూపించాలి.

వైకల్య ధ్రువీకరణలో ఏ చూపు లెక్క

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చూసేది మంచి కన్ను, అదీ సరైన అద్దం పెట్టుకున్నాక. 6/18 కంటే తక్కువై 3/60 వరకు ఉంటే లో విజన్. 3/60 కంటే తక్కువైతే అంధత్వం. చూపు విస్తీర్ణానికీ లెక్కుంది. 40 డిగ్రీల లోపు, 10 వరకు ముడుచుకుంటే లో విజన్, 10లోపు అంధత్వం. కాబట్టి కళ్ళజోడుతో 6/6 చదివే మైనస్ 12కు శాతమేమీ రాదు, 6/9 చదువుతూ గొట్టపు చూపున్న మనిషికి వస్తుంది. సదరం శిబిరానికి అలాంటివాళ్ళు ఫీల్డ్ రిపోర్టు లేకుండా వెళితే చార్టు మాత్రమే చూసి తిప్పి పంపే అవకాశముంది.

ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్ళకు 30 శాతం వస్తుంది. రిజర్వేషను వగైరాలకు 40 కావాలి. ఇది చాలామందికి అన్యాయంగా తోస్తుంది, వాదించదగ్గ విషయమే, కానీ ప్రస్తుత నియమం ఇది. రెండు కళ్ళూ 6/24 నుంచి 6/60 మధ్యన ఉంటే 40 శాతం.

మిగిలిన చూపుతో పని జరుపుకోవడం

ఇక చేసేదేమీ లేదని డాక్టరు అన్నప్పుడు ఆ మాట మందులకూ ఆపరేషనుకూ వర్తిస్తుంది. లో విజన్ విభాగం పని అక్కడ మొదలవుతుంది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగముంది. అక్కడ చార్టును 6 మీటర్లలో కాకుండా మరింత దగ్గర పెడతారు, వరుసకు ఐదేసి అక్షరాలుండే లాగ్‌మార్ చార్టు వాడతారు. పాత చార్టులో 6/60 తర్వాత ఒక్కసారిగా 6/36కు దూకడం ఉంటుంది, ఆ మధ్యన ఉన్న మార్పు దానికి పట్టదు.

భూతద్దం ఎంచుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. 6/60ని తిరగేసి 60ని 6తో భాగిస్తే 10. ప్లస్ 10 అద్దంతో, 10 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పెడితే మామూలు అచ్చు చదవడం మొదలుపెట్టొచ్చు. 3/60కి ప్లస్ 20, అంటే 5 సెంటీమీటర్లు. ఇక్కడే జనం ఓడిపోతారు. అద్దం కొని, పుస్తకాన్ని పాత అలవాటుతో ఒళ్ళో పెట్టుకుని, పనిచేయడం లేదని బీరువాలో పడేస్తారు. దూరం ఒక్క సెంటీమీటరు తప్పినా మసకే. చేతులు వణికేవాళ్ళకు కాగితం మీదే నిలబడే స్టాండ్ భూతద్దం మంచిది. పెద్దది చేసేకొద్దీ ఒకసారికి కనిపించే అక్షరాలు తగ్గుతాయి, కాబట్టి చదవగలిగే వాటిలో అన్నిటికంటే తక్కువ పవర్ తీసుకోవాలి. క్లాసులో బోర్డుకు, బస్సు మీది ఊరి పేరుకు 4 రెట్ల చిన్న టెలిస్కోపు పనికొస్తుంది, నిలబడో కూర్చునో చూడాలి, పెట్టుకుని నడవకూడదు.

వెలుగు భూతద్దం కంటే చవక. దీపాన్ని పుస్తకానికి సగం దూరం తెస్తే వెలుగు నాలుగు రెట్లవుతుంది. మంచి కన్ను వైపు భుజం మీదుగా, బల్బు కంట్లో పడకుండా పెట్టాలి. అయితే కొన్ని జబ్బుల్లో, పుట్టుకతో ఒంటికి రంగునిచ్చే మెలనిన్ లేనివాళ్ళలో ఎక్కువ వెలుగు చూపును మరింత చెడగొడుతుంది. వాళ్ళకు టోపీ, లేతరంగు అద్దాలు కావాలి.

రంగుల తేడా చాలామంది పట్టించుకోరు. స్టీలు కంచంలో పెరుగన్నం కనిపించదు, ముదురు రంగు పళ్ళెంలో కనిపిస్తుంది. మజ్జిగ ముదురు గ్లాసులో పోయండి, కాఫీ తెల్ల కప్పులో. మెట్ల అంచులకు రెండంగుళాల పసుపు పట్టీ వేయండి, ముఖ్యంగా ఆఖరి మెట్టుకు. నల్ల అట్టలో ఒక వరుస పట్టేంత సందు కోసి పుస్తకం మీద పెట్టుకుంటే కాగితం తెలుపు కంట్లో పొడవదు, వరుసా తప్పదు. మందుసీసాలకు రబ్బరు బ్యాండ్లు వేయండి, పొద్దుటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు. ఐదు వందల నోటు అంచున 5 ఉబ్బు గీతలు, గుండ్రటి గుర్తు ఉంటాయి. వందకు 4 గీతలు, త్రికోణం. కొత్త నోట్లలో వేలికి తెలుస్తాయి, నలిగినవాటికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఫోను చూపిస్తే నోటు విలువ పలుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ తెలుగులో చదివి వినిపిస్తుంది. పట్టుబడటానికి కొన్ని వారాలు పడుతుంది, పక్కనుండి నేర్పేవాళ్ళుంటే తొందరగా వస్తుంది.

ఒక సంగతి ఇంట్లోవాళ్ళకు తప్పక తెలియాలి. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్ళకు కొందరికి లేని మనుషులు, పిల్లలు, పువ్వులు, గోడలమీద ముగ్గుల్లాంటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తారనో, మతి చెడిందంటారనో వాళ్ళు నోరు విప్పరు. జెనీవాకు చెందిన చార్లెస్ బానెట్ 1760లో తన తాతకు ఇలా జరగడం రాశాడు, ఆయన పేరే ఈ స్థితికి పెట్టారు. కంటినుంచి సమాచారం రాక మెదడు తనే బొమ్మలు పుట్టించుకోవడం ఇది, పిచ్చి కాదు. మీరే మెల్లగా అడగండి, అడిగితే చెబుతారు. బొమ్మ కనిపించినప్పుడు లైటు వేయడం, రెప్పలు ఆర్పడం, చూపును ఎడమకూ కుడికీ గబగబా తిప్పడం, లేచి వేరే గదిలోకి వెళ్ళడం వల్ల చాలాసార్లు పోతుంది. బొమ్మలతోపాటు మాటలు కూడా వినిపిస్తున్నా, అవి నిజమేనని వాదిస్తున్నా అది వేరే సమస్య. కంటి డాక్టరుతోపాటు నరాల డాక్టరుకూ చూపించాలి.